రేకు తాళంచెవి గురించి నాలుగు మాటలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. తాళాలు బాగుచేసే ముసలాయన, దుకాణం గుర్తుగా ఆయన నెత్తిమీద వేలాడే బారెడు రేకు తాళంచెవి రెండూ నాకు నచ్చాయి. కానీ ఆ తాళంచెవిని "గతించిన కాలానికి మూగసాక్షి" అన్నావు. అది కొట్టెయ్. మూగసాక్షులు మన కథల్లో ఇప్పటికే కిక్కిరిసి ఉన్నారు.

ముందు దాన్ని వస్తువుగా చూడు. నడిచి వచ్చేవాళ్లకు ఎదురుగా కనబడాలి కాబట్టి గోడకి అంటించరు, వీధిలోకి వేలాడదీస్తారు. జనం రెండు వైపుల నుంచీ వస్తారు కాబట్టి రెండు పక్కలా రంగు వేస్తారు. ఎండ తగిలే పక్క రంగు ముందు వెలిసిపోతుంది. మేకు కన్నం దగ్గర మొదలైన తుప్పు చారలా కిందికి దిగుతుంది. ఇవేవీ నీ కథలో లేవు. పైగా అది ఏ తాళానికీ పట్టదు. మొరటుగా రెండు పళ్లు, అంతే. దూరం నుంచి చూసేవాడికి అవి చాలు. ముసలాయన ముఖంలో ముడతలన్నీ వర్ణించావు గానీ, ఆయన ఆకురాయి పట్టుకునే తీరు ఒక్కటి రాసి ఉంటే మనిషి కనబడేవాడు.

చదువు వచ్చినవాళ్లు తక్కువ, ఇళ్లకి నంబర్లు లేవు అన్న రోజుల్లో యూరప్ వీధుల్లో ఇలాంటివే దిక్కు. చెప్పులు కుట్టేవాడికి పెద్ద బూటు, కళ్లద్దాల వాడికి పెద్ద కళ్లజోడు. పక్కవాడి కంటే నాది పెద్దదిగా ఉండాలని పోటీ. 1718లో లండన్‌లో ఒక సైన్ బోర్డు బరువుకి దుకాణం ముందు గోడ కూడా కూలి నలుగురు చనిపోయారు. 1762లో చట్టం వచ్చాక వేలాడేవాటిని తీయించి గోడకి బిగించమన్నారు. నీ మూడో పేజీలో ఉపమానాలూ అంత బరువే. గోడ ఆగదు.

అమెరికాలో బోస్టన్‌లో ఒక టీ కంపెనీ 1873లో ఆవిరి కక్కే పెద్ద కెటిల్ చేయించింది. అందులో ఎంత పడుతుందో చెప్పమని జనానికి పోటీ పెట్టి, 1875 జనవరి 1న కొలిపిస్తే 227 గాలన్ల చిల్లర తేలింది. ఆ చిల్లర కూడా వదలకుండా కెటిల్ మీదే రాయించారు. నాకు గుర్తుండిపోయింది ఆ చిల్లరే. "చాలా పెద్ద కెటిల్" అని ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి.

మన శ్రీకాకుళం రోడ్డు మీద పంక్చర్ షాపువాడికి ఈ గొడవేం లేదు. పాత టైరు ఒకటి కర్రకి తగిలిస్తాడు, పని అయిపోతుంది. సంభాషణల్లో నువ్వూ అదే చెయ్యి. ముసలాయన చేత పాఠ్యపుస్తకం భాష మాట్లాడించావు. "నానేటి సేత్తాను" అనే మనిషిని "నేనేమి చేయగలను" అనిపిస్తే ఎలా?

"ఒకానొక పట్టణం, ఒకానొక కూడలి" అని కూడా వద్దు. మన విజయనగరం, మూడు లాంతర్ల కూడలి అని రాసెయ్. 2020లో అక్కడి లాంతర్ల స్తంభం తీసేసినప్పుడు ఊళ్లో ఎంత గొడవైందో నీకు గుర్తుండే ఉంటుంది. ఆటోవాడికి ఇప్పటికీ ఆ పేరే చెబుతాం కదా.

పైడితల్లి సిరిమాను పండగ రద్దీ మొదలవకముందే ఒక మధ్యాహ్నం వెళ్లి ఆయన పక్కన కూర్చో. ఆ తాళంచెవి ఎవరు కోశారో, ఏ డబ్బా రేకో అడుగు. కథలో వాడకపోయినా పర్వాలేదు, నాకు మాత్రం రాయి.