న్యాయమూర్తి జీవితం రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

అమెరికా జడ్జి జాన్ మైనర్ విజ్డమ్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. 1905లో న్యూ ఆర్లిన్స్‌లో పుట్టుక, టులేన్‌లో లా చదువు, 1957లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయన్ని దక్షిణాది రాష్ట్రాల అప్పీళ్లు వినే ఐదో సర్క్యూట్ కోర్టుకు నియమించడం, 1993లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్, 1999లో మరణం. తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మనిషి మాత్రం కనబడలేదు. సన్మాన పత్రం చదివినట్టుంది.

అప్పీళ్ల కోర్టు జడ్జి గురించి రాయడం కష్టమే. ఆయన ముందు సాక్షులు నిలబడరు, జ్యూరీ ఉండదు. ముగ్గురు జడ్జీలు, కింది కోర్టు రికార్డు, లాయర్ల వాదనలు, అంతే. మన హైకోర్టులో డివిజన్ బెంచ్ అప్పీలు విన్నట్టు. అలాంటి మనిషి జీవితం ఆయన రాసిన తీర్పుల్లోనే ఉంటుంది. పత్రికలు వాటి గురించి ఏం రాశాయో తర్వాత చూద్దువుగాని, ముందు తీర్పులు చదువు.

ఏ కేసు వినాలో జడ్జి ఎంచుకోడు. అందుకే కథను విజ్డమ్‌తో కాకుండా జేమ్స్ మెరెడిత్‌తో మొదలుపెట్టు. తొమ్మిదేళ్లు ఎయిర్ ఫోర్స్‌లో పనిచేసిన ఈ నల్లజాతి యువకుడు 1961 జనవరిలో మిసిసిపీ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టాడు. పూర్వ విద్యార్థుల సిఫారసు పత్రాలు తెమ్మన్నారు. పూర్వ విద్యార్థులంతా తెల్లవాళ్లే అయిన చోట అవి అతనికి ఎవరిస్తారు? అయినా అతన్ని నిరాకరించడానికి జాతి కారణం కాదని కింది కోర్టు తేల్చింది. కేసు పైకి వచ్చినప్పుడు, కింద విచారణా, తమ ముందు వాదనా ఏదో మాయాలోకపు వాతావరణంలో జరిగాయని 1962 జనవరిలో విజ్డమ్ రాశారు. లోకమంతా ఎరిగిన సంగతిని కోర్టు ఎరగనట్టు నటించదని చెప్పడం అది. ఆ సిఫారసుల షరతు చెల్లదన్నారు. ప్రవేశం ఇప్పించింది మాత్రం జూన్ తీర్పులో, యూనివర్సిటీ చెప్పిన సాకులన్నీ ఒక్కొక్కటే విప్పి చూపించాక. ఆ తీర్పును పెన్సిల్ పట్టుకుని చదువు. కోపం ఎక్కడా అరవదు, కానీ ప్రతి పేరాలో ఉంటుంది.

తీర్పుతో కథ ఆగిపోలేదు. నీ వ్యాసం అక్కడే ఆగింది. అదే కోర్టులోని జడ్జి బెన్ కామెరాన్ తీర్పు అమలును మళ్లీమళ్లీ నిలిపేశారు. సుప్రీంకోర్టు జస్టిస్ హ్యూగో బ్లాక్ సెప్టెంబరులో ఆ స్టేలను ఎత్తేయాల్సి వచ్చింది. 30వ తేదీ రాత్రి క్యాంపస్‌లో అల్లర్లు చెలరేగి ఇద్దరు చనిపోయారు. మెరెడిత్ చేరింది మర్నాడు. కాగితం మీద రాసిన మాటకు బయట ఎంత బరువుందో అక్కడ తెలుస్తుంది.

ఆయన్ని ఒంటరి వీరుణ్ణి చేయకు. అదే కోర్టు జడ్జీలు ఎల్బర్ట్ టటిల్, జాన్ బ్రౌన్, రిచర్డ్ రైవ్స్ పక్కన నిలబడ్డారు. మెరెడిత్ తరఫున వాదించింది కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ, నల్లజాతి మహిళా లాయరు. ఆమెకు నువ్వు ఒక్క వాక్యమైనా ఇవ్వలేదు. ఇంకో మాట. విజ్డమ్ న్యూ ఆర్లిన్స్ పాత సంపన్న కుటుంబంలో పుట్టినవారు. 1952లో లూయిసియానాలో ఐసెన్‌హోవర్ కోసం పనిచేసిన రిపబ్లికన్. తన వర్గం అనుభవిస్తున్న జాతి విభజన ఏర్పాటును తన కలంతోనే కూల్చిన మనిషి. దీనికి మానసిక కారణాలు కనిపెట్టి చెప్పకు, రెండు సంగతులూ పక్కపక్కన పెట్టు చాలు.

వాక్యం ఎలా కట్టాలో కూడా ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. 1963 నాటి లూయిసియానా ఓటర్ల కేసు తీసుకో. ఓటరుగా నమోదు కావాలంటే రాజ్యాంగంలో ఒక భాగానికి అర్థం చెప్పాలి, అది రిజిస్ట్రారుకు నచ్చాలి. నమోదైన ఓటర్లకూ, అర్హత ఉండీ నమోదు కాని నల్లవాళ్లకూ మధ్య లూయిసియానాలో ఒక గోడ ఉందంటూ తీర్పు మొదలవుతుంది. ఆ గోడ కూలాల్సిందేనన్నది కోర్టు నిర్ణయం. ఆ తర్వాత వచ్చేవి సాక్ష్యాలు, లెక్కలు. అలంకారం కోసం పెట్టిన గోడ కాదు, తీర్పు మొత్తాన్ని మోసిన గోడ.

నాకు అన్నిటికన్నా పెద్దదనిపించేది 1966 డిసెంబరులోని జెఫర్సన్ కౌంటీ తీర్పు. నువ్వు దాన్ని ఒక్క లైనులో దాటేశావు. బడుల్లో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి పన్నెండేళ్లు. రాజ్యాంగం వివక్షను వద్దంటుందే తప్ప పిల్లల్ని కలపమనదు అనే వాదన చాటున దక్షిణాది బడులు కాలం గడుపుతున్నాయి. విజ్డమ్ ఆ వాదనను కొట్టేశారు. పనిచేసే ప్రణాళికే రాజ్యాంగం ఒప్పే ప్రణాళిక అన్నారు. నల్లవాళ్ల బడులూ తెల్లవాళ్ల బడులూ కాదు, ఉత్త బడులు ఉండాలని 1967లో ఆ కోర్టు జడ్జీలంతా కూర్చుని ఆ తీర్పును ఖాయం చేస్తూ చెప్పారు. అప్పట్లో ఆయన సర్క్యూట్ టెక్సస్ నుంచి ఫ్లోరిడా దాకా ఆరు రాష్ట్రాలు. అంటే ఆ తీర్పు ఎన్ని వీధుల్లో పిల్లల నడక మార్చిందో ఊహించు.

మెరెడిత్ కేసు జనవరి తీర్పు, జూన్ తీర్పు రెండూ చదివాకే మళ్లీ కూర్చో. మెడల్ సంగతి చివర్లో ఒక్క వాక్యం చాలు. కామెరాన్ స్టేల గురించి పూర్తిగా ఒక పేజీ రాయి. ముందు ఆ పేజీ పంపు, మిగతాది తర్వాత చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు