ముందు ఒక్క నెల మెస్ లెక్క అడుగు

అమ్మలూ,

మెస్ బిల్లు ఎందుకు పెరిగిందో ఎవరూ చెప్పడం లేదనీ, అందుకని మీరు నలుగురూ కలిసి యూనివర్సిటీ లెక్కలన్నీ బయటికి లాగుతామనీ మొన్న ఫోన్లో అన్నావు కదా. అప్పటి నుంచి మీ నాన్నకు టెన్షన్ పట్టుకుంది. నాకు మాత్రం నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్లు ఒక యూనివర్సిటీ ఆఫీసులో బల్లకు అవతలివైపు కూర్చున్నవాణ్ణి. మీలాంటి వాళ్ల సమాచార హక్కు దరఖాస్తులకు జవాబుల చిత్తు రాసింది నేనే.

"మీరు కోరిన సమాచారం ఈ కార్యాలయంలో ఆ రూపంలో అందుబాటులో లేదు." ఈ వాక్యం ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అది అబద్ధమూ కాదు. ఒకసారి ఒక విద్యార్థి సంఘం వాళ్లు "గత పదేళ్లలో హాస్టళ్లలో జరిగిన అవినీతి వివరాలు ఇవ్వండి" అని రాశారు. అవినీతి అని పేరు రాసిన ఫైలు ఏ బీరువాలో ఉంటుంది? ఆ కాగితం చూసి మా ఆఫీసరు హాయిగా టీ తాగాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక కుర్రాడు ఫలానా హాస్టల్లో ఆగస్టు నెల డివైడింగ్ షీటు (అంటే మెస్ ఖర్చు అందరికీ పంచిన లెక్క), ఆ నెల బియ్యం, కూరగాయల బిల్లులు, స్టాకు రిజిస్టరులో ఆ నెల పేజీల నకళ్లు కావాలని నాలుగు లైన్లలో అడిగాడు. ఆ రోజు టీలు చల్లారిపోయాయి.

కాబట్టి యూనివర్సిటీ మొత్తం వద్దు. ఒక్క హాస్టలు, ఒక్క నెల చాలు. ఎందుకు, ఎవరు బాధ్యులు అని అడగకు. రికార్డులో ఉన్నది ఇవ్వడమే ఈ దరఖాస్తులు తీసుకునే ప్రజా సమాచార అధికారి పని, సంజాయిషీ చెప్పుకోవడం కాదు. నువ్వు కాగితం అడుగు. ఎందుకో ఆ కాగితమే చెబుతుంది.

డివైడింగ్ అంటే నీకు తెలిసిందే. ఆ నెల అయిన ఖర్చంతా పైన, అందరి హాజరు రోజులూ కింద. భాగిస్తే రోజుకు ఇంత అని తేలుతుంది. పిల్లలంతా పై అంకె మీదే పడతారు, కాంట్రాక్టరు తిన్నాడా, కేర్‌టేకర్ తిన్నాడా అని. కింది అంకె కూడా చూడు. వంద మంది పేర్లుండి నూట ముప్ఫై మంది తింటుంటే ఆ ముప్ఫై మంది భోజనం వందమంది బిల్లులో పడుతుంది. చదువైపోయినా గది వదలని సీనియర్లు, వాళ్ల స్నేహితులు, ఊళ్ల నుంచి కోచింగ్‌కొచ్చి ఎవరి గదిలోనో సర్దుకున్నవాళ్లు. వాళ్లలో నీకు అన్నలాంటి వాళ్లూ ఉండొచ్చు. అది బయటపడ్డ రోజు ఏం చేస్తారో మీ నలుగురూ ముందే మాట్లాడుకోండి. అధికారి తప్పును మైకులో చెప్పి మనవాళ్ల తప్పును మడిచి జేబులో పెట్టుకుంటే, రెండోసారి మిమ్మల్ని ఎవరూ నమ్మరు.

దరఖాస్తు తెలుగులోనే రాయి. 2005 సమాచార హక్కు చట్టం అందుకు ఒప్పుకుంటుంది. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి స్పీడ్ పోస్టులో పంపు. చేతికిస్తే రసీదు తీసుకోకుండా కదలకు. కారణం చెప్పనక్కర్లేదు. నిన్ను సంప్రదించడానికి సరిపడా వివరాలు తప్ప ఇంకేమీ అడగకూడదని ఆరో సెక్షన్లోనే ఉంది. అందుకని హాల్ టికెట్ నంబరు, డిపార్ట్‌మెంటు పేరు రాయకు. హాస్టలు గది నంబరు బదులు మన ఇంటి చిరునామా ఇవ్వు. ఇది పిరికితనం అని మీ వాళ్లు అనొచ్చు. ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉంటాయో తెలిసినవాణ్ణి గనక చెబుతున్నాను.

ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. గడువు దాటితే ఆ తర్వాత సమాచారం ఉచితంగానే ఇవ్వాలి. రాకపోతే మరో ముప్ఫై రోజుల్లోగా పై అధికారికి మొదటి అప్పీలు వెయ్యి. ఆ తర్వాత రెండో అప్పీలుకు తొంభై రోజుల గడువు, అది రాష్ట్ర సమాచార కమిషన్‌కు. రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా అధికారికి జరిమానా పడొచ్చు. ఆ భయం ఆఫీసుల్లో నిజంగానే ఉంటుంది. కానీ కమిషన్ మీద ఆశలన్నీ పెట్టుకోకు. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేళ్లకు పైగా, ఆ కమిషన్‌లో ఒక్క కమిషనరూ లేకుండా పోయాడు. నీ డిగ్రీ అయిపోతుంది, అప్పీలు అక్కడే ఉంటుంది.

అందుకే నకళ్లకన్నా నాకు నచ్చే దారి ఫైలు చూస్తామని అడగడం. రికార్డుల తనిఖీ హక్కు చట్టంలోనే ఉంది. మొదటి గంటకు రుసుము లేదు. ఇద్దరు వెళ్లండి, ఒకరు చదవాలి, ఒకరు రాసుకోవాలి. ఫైలుకు రెండు వైపులుంటాయి. ఒకవైపు ఉత్తరాలు, రెండోవైపు నోట్. నోట్‌లోనే అసలు కథంతా ఉంటుంది. గుమాస్తా ఏం రాశాడు, సూపరింటెండెంటు ఏం అభ్యంతరం పెట్టాడు, దాని పక్కన ఎవరు "చర్చించాను, ఆమోదించవచ్చు" అని గీకారు. కింద అభ్యంతరం ఉండి పైన ఆమోదం ఉన్న చోట ఆగి, తేదీ రాసుకో. నేనూ అలాంటి అభ్యంతరాలు రెండు మూడు రాశాను. వాటిని చదివే విద్యార్థి ఒక్కడూ రాలేదు.

అటెండరు మీదా, అవుట్‌సోర్సింగ్ డేటా ఆపరేటరు మీదా అరవకండి. వాళ్ల ఉద్యోగం ప్రతి ఏడూ ఎవరో ఒకరి సంతకం మీద వేలాడుతుంటుంది. ఆ సంతకం ఎక్కడుందో అక్కడే మీ పని. పెద్ద నిర్ణయాలు పాలకమండలిలో, అంటే ఈసీలో తేలతాయి. అందులో ప్రభుత్వ కార్యదర్శులు కూడా సభ్యులు. ఈసీ మినిట్స్ దొరికితే మొదట "రాటిఫికేషన్" అన్న మాట వెతుకు. వైస్ ఛాన్సలర్ ముందే చేసేసి తర్వాత ముద్ర వేయించుకున్న పనులవి. కొన్నింటికి నిజంగానే తొందర ఉండి ఉంటుంది. ఏవి అలాంటివి కావో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

ఇంకో మాట. కొన్నిసార్లు దొంగ మీ క్యాంపస్‌లో ఉండడు. స్కాలర్‌షిప్‌లోని మెస్ డబ్బు ప్రభుత్వం నుంచి నెలల తరబడి రాకపోతే సరుకుల వాడికి బాకీ పడుతుంది. బాకీ పడ్డవాడు రేటు పెంచి ఇస్తాడు. అప్పుడు వార్డెన్ గదిముందు ఎన్ని ధర్నాలు చేసినా లాభం లేదు. మీ హాస్టలుకు రావలసింది ఎంత, వచ్చింది ఎంత, ఏ తేదీన వచ్చింది అనేది కూడా అదే దరఖాస్తులో అడుగు.

అసలు దరఖాస్తు కన్నా ముందు, వాళ్లంతట వాళ్లే బయటపెట్టినవి చదివావా? కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు కోసం ఏటా పంపే పీడీఎఫ్‌లో లైబ్రరీకి ఎంత, పరికరాలకు ఎంత, జీతాలకు ఎంత ఖర్చుపెట్టారో, అధ్యాపకులు ఎంతమందో ఉంటుంది. యూనివర్సిటీలకు గ్రేడు ఇచ్చే న్యాక్‌కు పంపిన నివేదికలోనూ అవే వివరాలు కొన్ని ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడు. స్టేట్ ఆడిట్ వాళ్ల అభ్యంతరాల కాపీ కూడా అడుగు. ఆడిటర్లు మీకన్నా ముందే సగం పని చేసిపెట్టి వెళ్లి ఉంటారు, ఆ అభ్యంతరాల్లో ఏళ్ల తరబడి జవాబు ఇవ్వనివే ఎక్కువ.

ఎవరి మార్కులూ, ఎవరి ఆరోగ్యం కాగితాలూ అడగకండి. వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపుతారు, 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంతో ఆ మినహాయింపు ఇంకా బిగుసుకుంది. నీ జవాబు పత్రం నువ్వు చూసుకోవచ్చు, ఆ మాట సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

దరఖాస్తు చిత్తు రాసి ఆదివారంలోగా నాకు వాట్సాప్ చెయ్యి. అరపేజీ దాటితే తిప్పి పంపేస్తా. పోస్టల్ ఆర్డర్లు చిన్న పోస్టాఫీసుల్లో ఒక్కోసారి దొరకవు, ఊళ్లోకి వెళ్లినప్పుడు ఓ నాలుగు కొని దగ్గర పెట్టుకో. మీ నాన్నతో నేను మాట్లాడతాలే.

మీ పెదనాన్న