పాత స్పోర్ట్స్ కార్ల బాడీ పని: ఏ ట్రేడ్‌లో చేర్చాలి?

ప్రశ్న: మాది రాయగడ. మావాడు పది పాసయ్యాడు. పాత స్పోర్ట్స్ కార్ల బాడీని గట్టిపరిచే పని నేర్చుకుంటాడట. ముందు ఆర్క్ వెల్డింగ్ మిషన్ కొనిపెట్టమని ఒకటే గొడవ. కొనమంటారా? ఏ కోర్సులో చేర్చాలి?

జవాబు: మిషన్ ఇప్పుడే కొనకండి. ఆర్క్ మిషన్ గేట్లకీ గ్రిల్స్‌కీ సరిపోతుంది. కారు బాడీ రేకు చాలాచోట్ల ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, రాడ్ తగిలిస్తే చిల్లు పడుతుంది. దీనికి మిగ్ మిషన్ (తీగ దానంతటదే వచ్చే వెల్డింగ్ మిషన్), 0.6 లేదా 0.8 మి.మీ. తీగ, ఆర్గాన్ కలిపిన గ్యాస్ కావాలి.

అసలు పనేమిటో మీవాడికి తెలియాలి. పాత కార్లలో రేకుల్ని స్పాట్ వెల్డింగ్‌తో, అంటే అక్కడక్కడా చుక్కల్లా అతికించి కలిపారు. ఆ చుక్కల మధ్య అతుకుల్ని వెల్డు చేసి, బ్రేసులు (అదనపు ఆధార కడ్డీలు) బిగించి బాడీని గట్టిపరచడమే ఈ పని. 1989లో వచ్చిన మజ్దా ఎంఎక్స్-5 లాంటి టాప్ లేని కార్లలో బరువంతా తలుపుల కింద పొడుగ్గా ఉండే పెట్టెలాంటి సిల్ మీదా, ఫ్లోర్ మీదా పడుతుంది. సిల్ లోపల తుప్పు వదిలేసి పైన ఎన్ని బ్రేసులు బిగించినా డబ్బు దండగే. సిల్ కోసే ముందు తలుపు సందుల్లో అడ్డంగా పైపు బిగించాలి. లేదంటే బాడీ కుంగి తలుపు మళ్ళీ పడదు. తర్వాత అతుకుల వెంబడి 25 మి.మీ. వెల్డు, 40 మి.మీ. ఖాళీ చొప్పున వేయాలి. ఒకచోట వేసి, దూరంగా ఇంకోచోటికి వెళ్ళాలి. ఏకబిగిన లాగితే వేడికి రేకు ముడతలు పడి కొలతలు తప్పుతాయి. గుద్దుకున్నప్పుడు నలగాల్సిన ముందుభాగాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ఇంజిన్ గదిలో రెండు సస్పెన్షన్ల పైభాగాల్ని కలుపుతూ అడ్డంగా కనిపించే కడ్డీ, స్ట్రట్ బార్, బిగించడం అన్నిటికన్నా తేలిక పని. వీడియోల్లో దాన్నే ఎక్కువ చూపిస్తారు!

మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ రెండేళ్ళు, అందులో ఎక్కువభాగం ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకుల్లాంటివే. మీవాడికి ఏడాది వెల్డర్ ట్రేడ్ నయం. దగ్గరి ఐటీఐలో ఆటో బాడీ రిపేర్ ట్రేడ్ ఉంటే అదింకా మేలు. తర్వాత అప్రెంటిస్‌గా, బాడీని లాగి సరిచేసే బెంచ్ ఉన్న షోరూమ్ వర్క్‌షాప్‌లో పెట్టండి. వంకర బాడీకి బ్రేసు వేస్తే ఆ వంకర అలాగే బిగుసుకుపోతుంది. అందుకే మూల నుంచి మూలకి కొలవడం అక్కడ బాగా పట్టుబడాలి. విశాఖ ఆటోనగర్ మీకు రైలు దారే, తెలుగువాళ్ళే ఉంటారు.

ఈ ఒక్క పనితో ఇల్లు గడవదు. పాత స్పోర్ట్స్ కార్లు మన దేశంలో కొద్ది, కూడు పెట్టేది యాక్సిడెంట్ బండ్లూ తుప్పు పనీ. పైగా కంపెనీ ఇచ్చిన బాడీని ఇష్టమొచ్చినట్టు మార్చి రోడ్డు మీద తిప్పడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధం. రేసు ట్రాక్ బండ్ల సంగతి వేరు.

ఒడిశాలో ఐటీఐ దరఖాస్తు సామ్స్ (ప్రభుత్వ ఆన్‌లైన్ అడ్మిషన్ల) పోర్టల్‌లో పెట్టాలి. రెసిడెంట్ సర్టిఫికెట్‌కి తహసీల్దారు ఆఫీసులో ఇప్పుడే అర్జీ పెట్టుకోండి, చివర్లో అదే ఆలస్యమవుతుంది.