పిల్లల మెడ వెనుక నల్లబడటం మధుమేహమేనా?

కాదు, లావుగా ఉన్న పిల్లల మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారడం ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి తరచుగా కనిపించే గుర్తు, అంటే టైప్ 2 మధుమేహం వచ్చే ముప్పు ఉందన్న హెచ్చరిక.

ఊబకాయం వల్ల, ముఖ్యంగా పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నప్పుడు, కండరాలూ కాలేయమూ ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు కాబట్టి క్లోమం దానిని మరింతగా విడుదల చేస్తుంది. రక్తంలో అలా ఎక్కువైన ఇన్సులిన్ చర్మకణాలను వేగంగా పెంచడంతో మడతల్లోని చర్మం మఖ్మల్ గుడ్డలా, గీతలు గీతలుగా దళసరి అవుతుంది. దీనిని వైద్యులు అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు.

ఉదాహరణకు, కడపలో ఒక పన్నెండేళ్ల బాలుడికి ఇలాంటి నల్లని పట్టీ ఉండి, పరగడుపు రక్తపరీక్షలో చక్కెర 100 నుంచి 125 మి.గ్రా. మధ్య ఉంటే అది మధుమేహానికి ముందు దశ. 126, అంతకు మించి ఉంటే మరోసారి పరీక్షించి నిర్ధారిస్తారు. బరువు తగ్గేకొద్దీ చర్మమూ క్రమంగా తేటపడుతుంది.

అనంతపురం, కర్నూలు ఎండలకు కమిలిందనో, మురికి పట్టిందనో అనుకుని చాలామంది తల్లులు సున్నిపిండితో, పీచుతో గట్టిగా రుద్దుతారు, పాపం ఆ లేత చర్మం ఒరుసుకుపోవడమే తప్ప నలుపు పోదు. ఎండే కారణమైతే చొక్కా మాటున ఉండే చంకలు నల్లబడవు.