యాప్ తీసేస్తే అప్పు పోతుందా?

ప్రశ్న: క్రెడిట్ కార్డు బాకీకి తోడు మూడు లోన్ యాప్‌లు. ఒకదాని వాయిదా కట్టడానికి ఇంకోదాంట్లో తీసుకుంటున్నాను. ఇంట్లో తెలియదు. ఫోన్ మోగితే చాలు, టెన్షన్. అప్పుల నుంచి బయటపడేసే మంచి యాప్ ఏదైనా ఉందా? ఈ లోన్ యాప్‌లను డిలీట్ చేసేయనా?

జవాబు: ఇప్పుడే డిలీట్ చేయకండి. యాప్ పోతుంది గానీ బాకీ పోదు. పైగా మీ దగ్గరున్న రుజువులు చేజారతాయి. ముందు లోన్ ఒప్పందం, స్టేట్‌మెంట్లు, కట్టిన వాయిదాల రసీదులు డౌన్‌లోడ్ చేసి మీ మెయిల్‌కే పంపుకోండి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో ఒక్కో యాప్‌కీ కాంటాక్ట్స్, ఫొటోల పర్మిషన్ తీసేయండి. ప్లే స్టోర్‌లోని పర్సనల్ లోన్ యాప్‌లు ఈ రెండూ చూడకూడదని గూగుల్ 2023లోనే నిబంధన పెట్టింది. ఇంకా అడుగుతున్న యాప్‌లో మళ్లీ అప్పు తీసుకోకండి.

ఇక మంచి యాప్ సంగతి. నేను ఏ పేరూ చెప్పను. ఖర్చుల లెక్క చూపిస్తూనే పక్కన 'మీకు లోన్ రెడీ' అని ఊరించే యాప్‌లు ఉన్నాయి. మీకు ఇప్పుడు అది అస్సలు వద్దు. మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. ఎవరికి బాకీ, ఎంత, నెలకు వడ్డీ ఎంత, వాయిదా ఎంత, గడువు ఏ తేదీ అన్నవి రాయండి. అందులో ఎన్‌పీఈఆర్ (NPER) అనే ఫార్ములా ఉంటుంది, అప్పు తీరడానికి ఎన్ని నెలలు పడుతుందో అది చెబుతుంది. అప్పు లక్ష, నెలకు వడ్డీ 2 శాతం, వాయిదా 5000 అనుకుందాం. =NPER అని కొట్టి, బ్రాకెట్లో వరసగా వడ్డీ, వాయిదా (ముందు మైనస్ గుర్తుతో), అప్పు, అంటే 2%, -5000, 100000 ఇస్తే జవాబు దాదాపు 26 నెలలు. వాయిదా 3000కి తగ్గిస్తే 56 నెలలు. 2000 అని కొట్టి చూడండి, ఎర్రర్ వస్తుంది. షీట్ పాడైందని కంగారుపడకండి. కట్టిందంతా వడ్డీకే సరిపోతోంది, అసలు ఎప్పటికీ తీరదు అని దానర్థం. మీ నాలుగు బాకీల్లో ఎర్రర్ చూపించేవి ఏవో ముందు తేల్చుకోండి. వడ్డీ ఎక్కువున్న అప్పుకు ఎక్కువ కట్టడం లాభం. కానీ చిన్న బాకీ ఒకటి తీరితే ఫోన్ మోత కొంత తగ్గుతుంది. మీ పరిస్థితిలో నేనైతే ముందు ఆ చిన్నదే వదిలించుకుంటాను.

ఆ షీట్ పట్టుకుని ఒక మనిషితో మాట్లాడండి. ముందు ఇంట్లో ఒకరికి చూపించండి. బ్యాంకును గడువు దాటకముందే అడిగితే వాయిదాలు మార్చే వీలుండొచ్చు. లాభాపేక్ష లేని క్రెడిట్ కౌన్సెలింగ్ సంస్థలూ ఉంటాయి. అయితే సెర్చ్‌లో పైన 'స్పాన్సర్డ్' అని కనిపించేవి డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటనలు. 'సగం అప్పు మాఫీ చేయిస్తాం, ముందు ఫీజు కట్టండి' అన్నా, స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా ఫోన్ పెట్టేయండి. కొనకుండా చెయ్యి ఆగకపోతే అది లెక్కల సమస్య కాదు. అలాంటివాళ్ల కోసం 1976 నుంచి డెటర్స్ అనానిమస్ అనే సహాయక బృందం ఉంది, ఆన్‌లైన్ సమావేశాలు కూడా నడుపుతోంది. ఈలోగా బ్రౌజర్‌లో, షాపింగ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డు నంబర్లు తీసేయండి. ప్రతిసారీ లేచి వెళ్లి కార్డు తెచ్చుకోవాలంటే బద్ధకమే మీకు సాయం చేస్తుంది.

ప్రశ్న: యాప్ తీసేసినా నెలనెలా డబ్బు కట్ అవుతోంది. ఎలా ఆపాలి?

జవాబు: యాప్ వేరు, సబ్‌స్క్రిప్షన్ వేరు. ప్లే స్టోర్‌లో మీ ఫొటో నొక్కితే పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తాయి. ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి పైన మీ పేరు నొక్కి, సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లండి. అక్కడ క్యాన్సిల్ చేయాలి. ఫ్రీ ట్రయల్ అయితే గడువుకు కనీసం ఒక రోజు ముందే.