దారం కట్టని కొమ్మలు

చిరంజీవికి,

నీ వ్యాసం చేరింది. పురుగులకూ మొక్కలకూ మధ్య సంబంధాల మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఆచార్యురాలి గురించి రాశావు. రెండుసార్లు చదివాను. మొదటి పేజీన్నర నిండా ఆవిడ డిగ్రీలు, పురస్కారాలు, 'ప్రకృతి వైచిత్రి' వంటి మాటలు. మొహమాటం లేకుండా చెబుతున్నాను, అదంతా కొట్టెయ్యి. రెండో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది: 'ఆవిడ కొన్ని కొమ్మలకు ఎర్ర దారం కట్టి, రోజూ ఆకులు లెక్కపెట్టేవారు.' నేను అక్కడే ఆగిపోయాను. నువ్వు మాత్రం దాటుకుని వెళ్లిపోయావు.

పురుగు ఆకు తినడం అందరూ చూసిందే, కూర్చుని చూసినవాళ్లే తక్కువ. జిల్లేడు కుటుంబపు మొక్కల మీద బతికే మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగునే తీసుకో. ఆ ఆకు గిల్లితే జిగట పాలు కారతాయి. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పసిపురుగు ఆ పాలలో అంటుకుపోయి చావడం కూడా ఉంది. కాస్త పెరిగిన పురుగు ముందు నడి ఈనె దగ్గర చేరి కొరుకుతుంది. తెగినచోట తెల్లటి బొట్లు ఊరతాయి, ఆకు వాలిపోతుంది. అవతలి భాగానికి పాలు సరిగా అందవు. అప్పుడు తీరిగ్గా తింటుంది. ఇక్కడ నువ్వు 'ఎంత తెలివో!' అని రాస్తావని నాకు తెలుసు. కీటక శాస్త్రవేత్త థామస్ ఐస్నర్, ఆయన సహచరుడు 1987లో వెలువరించిన పరిశోధన ఆ ఆశ్చర్యార్థకం దగ్గర ఆగలేదు. మామూలుగా ఆ మొక్క జోలికి రాని పురుగులకు, ఈనె తెగిన ఆకుల కొసలు పెట్టి చూశారు. అవి తిన్నాయి. వాటికి అడ్డు ఈనెల్లో పారే పాలేనని అలా తేలింది.

నా సంగతి ఒకటి చెబుతాను. మధ్య అమెరికాలోని తుమ్మ జాతి చెట్ల మీద తొలిసారి రాసినప్పుడు, 'చెట్టు చీమలకు బోలు ముళ్లలో ఇల్లిచ్చి తిండి పెడుతుంది, చీమలు చెట్టుకు కావలి కాస్తాయి' అని ముచ్చటగా అల్లేశాను. అది చదివిన ఒక వృక్షశాస్త్రజ్ఞుడు ఒకే ప్రశ్న వేశాడు: 'కాస్తాయని ఎలా తెలుసు?' నాకు నోట మాట రాలేదు. జవాబు 1966లోనే అచ్చయి ఉంది. చెట్టుకు చీమలతో పనేమీ లేదని వాదించినవాళ్లు అంతకుముందు ఉన్నారు. జీవశాస్త్రవేత్త డేనియల్ జాన్జెన్ కొన్ని చెట్ల నుంచి చీమలను తొలగించి, చీమలున్న చెట్లతో పోల్చాడు. చీమలు పోయిన చెట్లను పురుగులు కొరికి పారేశాయి, పక్క మొక్కలు కమ్మేశాయి. అసలు కథంతా ఆ చీమల్లేని చెట్టులో ఉంది. నా వ్యాసంలో లేనిదీ అదే.

మాటల దగ్గర ఒక చిక్కు. మన భాషలో 'పురుగు పట్టింది' అంటే చెడిపోయిందనే. రాసే చేతికి ఆ నుడికారం తెలియకుండానే అడ్డుపడి, పురుగును దొంగనూ మొక్కను అమాయకురాలినీ చేసేస్తుంది. అలాగని ప్రతిచోటా 'కీటకం' అని రాసి పాఠ్యపుస్తకం చేయకు.

రెండో చిక్కు నీ వ్యాసంలోనే ఉంది. గొంగళిపురుగు కొరికిన మొక్కజొన్న నుంచి వచ్చే వాసనకు, ఆ పురుగులో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు వస్తాయి. 'మొక్క వాటిని సాయానికి పిలిచింది' అన్నావు. ఒకసారి అను, తప్పులేదు. వెంటనే 1990లో టర్లింగ్స్, టమ్లిన్సన్ అనే శాస్త్రవేత్తల బృందం చూపించింది కూడా చెప్పు: ఆకును ఊరికే గాయపరిస్తే అంత వాసన రాలేదు, గాయం మీద పురుగు నోటి ద్రవం పూస్తే వచ్చింది. ఈ మాటను నీ 'పిలిచింది' పక్కనే ఉంచి చూడు, అది ఎంత వెలవెలబోతుందో.

ఇప్పుడు ఆవిడకు ఫోను చేయి. దారం ఎన్ని కొమ్మలకు కట్టారు? కట్టని కొమ్మలనూ లెక్కపెట్టారా? ఏ కొమ్మకు కట్టాలో ఎలా తేల్చుకున్నారు? వానకు రంగు వెలిసి ఏది ఏదో తెలియకుండా పోయిన రోజులున్నాయా? లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టిన ఏడాది ఉంటే దాని గురించి కాస్త ఎక్కువసేపు అడుగు. పురస్కారాలు కావాలంటే ఆఖర్న రెండు లైన్లలో పెట్టుకో.

తిరగరాసింది పంపు. కొట్టివేతలతోనే పంపు, శుభ్రంగా ఎత్తిరాయనక్కరలేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు