సైకిల్ ఉత్తరాలు: అర్కావతి వెంట గరుసు దారి

ప్ర: అక్కా, మా పెద్దనాన్న కొడుకు ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉంటాడు. ఆదివారం వస్తే చాలు, మూర్లు, అడవులు, నదీ లోయలు చుట్టి ఫొటోలు పంపుతాడు. అవి చూసి నేనూ మట్టి, గరుసు దారుల్లో తొక్కే గ్రావెల్ బైక్ (సైకిల్) కొన్నాను. ఆర్నెల్లయింది, అది ఔటర్ రింగ్ రోడ్డు దాటలేదు. బెంగళూరు చుట్టుపక్కల అలాంటి దారులేమైనా ఉన్నాయా?
- ఒక పాఠకుడు, మారతహళ్ళి

జ: ఉన్నాయి తమ్ముడూ. నువ్వడిగిన మూడూ ఒకే ఏటి వెంట ఉన్నాయి. అర్కావతి నంది కొండల్లో పుట్టి, హెసరఘట్ట, తిప్పగొండనహళ్ళి, మంచనబెలె, రామనగర, కనకపుర దాటి సంగమ దగ్గర కావేరిలో కలుస్తుంది. నేను హిందూపురం నుంచి ఈ ఊరొచ్చి 22 ఏళ్ళు. అందులో తొమ్మిదేళ్ళుగా సెలవు దొరికితే ఈ ఏటి వెంటే తిరుగుతున్నాను.

మూర్ అంటే చెట్లు లేని ఎత్తైన బయలు. అక్కడిలా హెదర్ పొదలు మనకుండవు కానీ, హెసరఘట్ట గడ్డిబీడులో ఉదయం ఆరున్నరకు నిలబడితే ఆ విశాలం కళ్ళకు తెలుస్తుంది. పక్కనే 1894లో కట్టిన చెరువు. బెంగళూరుకు మొదట కుళాయి నీళ్ళు అక్కడి నుంచే వచ్చాయి. చలికాలంలో పిల్లిగద్దలు గడ్డికి మూరెడెత్తులో రెక్క కదపకుండా తేలిపోతుంటాయి. వాటిని చూడటానికే నేను డిసెంబరులో రెండుసార్లు వెళ్తాను. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. చాలామంది దాన్ని ఖాళీ భూమి అంటారు. అది ఖాళీ కాదు. నేలమీదే గూడు కట్టే పిట్టలుంటాయి అక్కడ. ఆ గూడు నీ టైరు కింద పడేదాకా నీకు కనపడదు. అందుకని గొర్రెలూ బండ్లూ నడిచి అరిగిన బాట ఏదైతే ఉందో దాని మీదే తొక్కు. అడ్డంగా పడి కొత్త బాట వేయొద్దు.

అడవి కావాలంటే మాగడి వైపు సావనదుర్గ ఉంది. సముద్రమట్టానికి 1,226 మీటర్ల ఎత్తున్న నల్లటి ఏకశిల, చుట్టూ అటవీశాఖ అడవి. లోపలి బాటల్లోకి దిగేముందు గార్డును అడుగు. వద్దంటే బయటి ఊరి దారులు చాలు, అవీ బాగుంటాయి. ఈ రెంటికీ నడుమ తిప్పగొండనహళ్ళి. అక్కడ కుముదావతి వచ్చి అర్కావతిలో కలుస్తుంది, 1933 నాటి జలాశయం ఆ కలిసే చోటే ఉంది. దాని దిగువన మంచనబెలె. నాకు అన్నిటికన్నా ఇష్టమైన లోయ ఇది. కొండ మలుపు తిరగ్గానే నీళ్ళు ఒక్కసారిగా కనపడతాయి. నీళ్ళలోకి మాత్రం దిగొద్దు. ఒడ్డు బురద మోకాలి లోతో నడుం లోతో కాలు పెట్టేదాకా తెలీదు, అక్కడ ప్రాణాలు పోయాయి.

కనకపుర దాకా పోతే బెంగళూరు మురుగు మోసుకొచ్చే వృషభావతి కూడా ఇందులోనే కలుస్తుంది. ఆ నీళ్ళతో మొహం కూడా కడుక్కోవద్దు. నంది కొండల్లో పుట్టిన ఏటిని మనమే ఇలా చేశామని ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది. ఆపైన సంగమ దారి కావేరి అభయారణ్యంలోంచి పోతుంది, పొద్దునా సాయంత్రం ఏనుగులు దాటుతాయి. ఎండ బాగా వచ్చాకే ఆ దారి పట్టు.

ప్ర: వాన పడిన మర్నాడు వెళ్ళొచ్చా? గాలి ఎంత పెట్టాలి? ప్రతిసారీ పంక్చరే.
- ఒక పాఠకురాలు, బనశంకరి

జ: మట్టిని బట్టి ఉంటుందమ్మా. మన ఎర్ర గరుసు నేల నీటిని తొందరగా పీల్చేస్తుంది, ఒక రోజు ఎండ కాస్తే టైరుకు పట్టు ఇంకా బాగుంటుంది. చెరువు ఒండ్రు అలా కాదు. పోయిన సెప్టెంబరులో ఎండిన కుంట మధ్యగా ఒక అడ్డదారి కనపడి దిగాను. ఇరవై గజాలు పోయానో లేదో చక్రం తిరగడం మానేసింది. చూస్తే టైరుకూ ఫోర్కుకూ మధ్య సందంతా నల్లటి మట్టి, పిండి పిసికి కూరినట్టు. వేలితో తీస్తే రాలేదు. వేపపుల్ల విరిచి పొడిచి పొడిచి తీశాను, నాలుగడుగులు నెట్టేసరికి మళ్ళీ అంతే. చివరికి సైకిల్ భుజాన వేసుకుని గట్టు ఎక్కాను. అప్పటినుంచీ వానాకాలంలో చెరువు కడుపులోకి దిగను, కట్ట మీదుగానే పోతాను.

గాలి సంగతి. నా బరువు 68 కిలోలు, టైరు 40 మిల్లీమీటర్లు, ట్యూబ్‌లెస్. ముందు 32, వెనక 35 పీఎస్ఐ పెడతాను. నీది ట్యూబ్ ఉన్న టైరయితే ఇంకో ఏడెనిమిది పెంచు, లేకపోతే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబ్ నలిగి రెండు చిల్లులు పడతాయి. రోడ్డు సైకిల్‌లాగా 80 కొట్టించుకుంటే మాత్రం ప్రతి గులకరాయీ నీ మణికట్టుకు తెలుస్తుంది. పంక్చర్లకు అసలు కారణం పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు. పల్లేరుకాయ ఎలా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. ట్యూబ్‌లెస్‌కు మారి లోపల సీలెంట్ (చిల్లు పూడ్చే ద్రవం) పోయించు. మన ఎండకు అది తొందరగా ఎండిపోతుంది, మూడు నెలలకోసారి చూసుకో.

ప్ర: ఆగస్టులో మా అమ్మాయి దగ్గరికి యార్క్‌షైర్ వెళ్తున్నాను. అక్కడ అద్దె సైకిల్ మీద మూర్ చూడాలని ఉంది. నాకు 61. కొండలెక్కగలనా?
- ఒక పాఠకుడు, హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్

జ: తప్పకుండా వెళ్ళండి సార్, సరిగ్గా హెదర్ పూచే నెల. కొండంతా ఊదారంగులో ఉంటుంది. నార్త్ యార్క్ మూర్స్‌లో రోజ్‌డేల్ అని ఒక లోయ ఉంది. అక్కడ ఇనుపరాయి మోయడానికి 1861లో రైలు వేశారు, 1929లో మూసేశారు. పట్టాలు తీసేశారు కానీ కట్ట అలాగే మిగిలింది. ఆవిరి ఇంజన్ లాగగలిగే వాలు కాబట్టి లోయ అంచున దాదాపు సమంగా పోతుంది. ఉద్యోగం మీద లీడ్స్‌లో ఉన్న రెండేళ్ళలో నేను ఆ కట్ట మీద నాలుగుసార్లు తొక్కాను. కింద రాతి గోడల పొలాలు, మధ్యలో ఖనిజం కాల్చిన కొలుముల కమానులు, పైన గాలి. కట్టదాకా చేరే రోడ్డు మాత్రం నిటారుగా ఉంటుంది, సైకిల్‌ను కారులో పైకి చేర్చమని అమ్మాయికి చెప్పండి.

మ్యాప్ కొనుక్కోండి. ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ మ్యాపులో పొడుగు ఆకుపచ్చ గీతలున్నవి గుర్రపు బాటలు. 1968 చట్టం ప్రకారం వాటి మీద సైకిల్ తొక్కే హక్కుంది, కానీ నడిచేవాళ్ళకూ గుర్రాలకూ దారివ్వాలి. పొట్టి గీతలున్నవి కాలిబాటలు, అక్కడ తొక్కకూడదు. 12 ఆగస్టు నుంచి గ్రౌస్ పిట్టల వేట మొదలవుతుంది, బోర్డులు చూసి మసలుకోండి. ఎండగా ఉన్నా సరే వానకోటు సంచిలో ఉండాలి.

ప్ర: అక్కా, నాకు 46. ఒంటరిగా మంచనబెలె వెళ్ళాలని ఆశ. మా ఆయనకేమో టెన్షన్.
- ఒక పాఠకురాలు, యలహంక

జ: ఆయన టెన్షన్‌ను కొట్టిపారేయకమ్మా, ఆశనూ వదులుకోకు. మొదటి రెండుసార్లు తోడుతో వెళ్ళి దారి గుర్తుపెట్టుకో. మూడోసారి ఒక్కదానివే వెళ్ళు. ఫోన్‌లో లొకేషన్ ఆయనకు పంపు. లోయలో సిగ్నల్ పోతుంది, ఆ సంగతి ముందే చెప్పి ఉంచు. రెండు లీటర్ల నీళ్ళు, ఒక ట్యూబు, పంపు. ఎక్కడున్నా సరే ఉదయం తొమ్మిదిన్నరకు వెనక్కి తిప్పేయ్. పోయేటప్పుడు దొడ్డ ఆలదమర (పెద్ద మర్రిచెట్టు) దగ్గర టీకి ఆగి, అక్కడివాళ్ళకు ఎటు పోతున్నావో చెప్పు. కన్నడ అంతగా రాకపోయినా ఫర్వాలేదు. "మంచనబెలెగె హోగ్తిద్దీని" అంటే చాలు, తిరిగొచ్చేటప్పుడు వాళ్ళే పలకరిస్తారు.